యారాలి పేరు మీద

"హాసిని" అని మూడోసారి పిలిచేదాకా భవ్యశ్రీ లేవలేదు. లేవాల్సింది తనేనని గుర్తొచ్చేసరికి కౌంటర్ దగ్గరి అమ్మాయి మెడ సాచి కుర్చీల వరసలన్నీ వెతుకుతోంది. నాలుగు కుర్చీల అవతల కూర్చున్న జనార్దన్, పైన తిరిగే ఫ్యాను కేసి చూస్తూ గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకు 'లే, నిన్నే' అని అర్థం. ఇద్దరూ కూర్చుని అనుకున్న అర్థమేమీ కాదు. అసలు ఇద్దరూ కూర్చుని ఏదీ అనుకోరు. జనార్దన్ ఆమె మొగుడికి అన్న, ఆమెకు బావగారు. పెళ్ళయి ఏడాదిన్నర అయినా ఆయన ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడింది లేదు. చారు కావాలంటే గోడతో చెప్పేవాడు, గోడ దగ్గరి నుంచి ఆమె వినేది. అటువంటి మనిషి నెలకోసారి తాండూరులోని ఈ ప్రైవేటు దవాఖానకు వచ్చి, ఆమెకు మొగుడిగా కూర్చోవాల్సి వచ్చింది. కూర్చోవడమైతే కూర్చునేవాడు. నాలుగు కుర్చీల అవతల.

లోపల డాక్టరమ్మ బీపీ చూసి, బరువు చూసి, భర్త ఎక్కడని అడిగింది. పిలిస్తే వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు, చూపు బరువు తూచే మిషను మీద పెట్టి. భార్యకు బలమైన తిండి పెడుతున్నావా అని ఆమె అడిగితే, "పెడుతున్రు మేడం" అన్నాడు, వేరే ఎవరింటి సంగతో చెబుతున్నట్టు. ఎనిమిదేళ్ళకు కడుపు పండిన ఇల్లు కదా, కొద్దిగా దగ్గరికి వచ్చి నిలబడితే తప్పేం లేదని డాక్టరమ్మ నవ్వింది. జనార్దన్ బరువు మిషనుకు దగ్గరగా ఒక అడుగు వేశాడు.

ఆ ఎనిమిదేళ్ళు హాసినివి. హాసిని జనార్దన్ భార్య, భవ్యశ్రీకి యారాలు. ఒకే ఇంటికి పెద్దకోడలూ చిన్నకోడలూ. పిల్లల కోసం ఇదే దవాఖాన చుట్టూ తిరిగింది హాసినే, కానీ అప్పటి డాక్టరు వెళ్ళిపోయి ఈమె వచ్చి ఏడాదే అయింది. ఫైలు మాత్రం పాతదే.

సంగతి చిన్నదే. జనార్దన్ సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఆ ఫ్యాక్టరీ కార్డు ఉంటే పనివాడికీ భార్యకూ ఈ దవాఖానలో అంతా ఉచితం, కాన్పుతో సహా. భవ్యశ్రీ మొగుడు మహిధర్ నాపరాళ్ళు పాలిష్ పట్టే షెడ్డులో పని. అక్కడ కార్డు కాదు కదా, హాజరు బుక్కు కూడా ఉండదు. బీమా అనే మాట ఆ షెడ్డులో మిషన్లకే తెలుసు. రెండో నెలలో బజారులోని ఒక నర్సింగు హోముకు పోయి అడిగితే, మామూలు కాన్పయితే నలభై వేలు, ఆపరేషనయితే అరవై అన్నారు. ఏదవుతుందని మహిధర్ అడిగాడు. అది పైవాళ్ళ చేతిలో ఉంటుందన్నారు. ఆ మాట వాళ్ళు దేవుణ్ణి ఉద్దేశించి అనలేదని మహిధర్‌కు బయటికొచ్చాక అర్థమైంది.

సర్కారు దవాఖాన మాట ఎత్తితే అత్త రామమ్మ ఒప్పుకోలేదు. ఆమె దృష్టిలో సర్కారు దవాఖాన ముప్పై ఏళ్ళ కిందే ఆగిపోయింది. మహిధర్‌ను కన్నప్పుడు ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలను పడుకోబెట్టారట, అందులో రెండో ఆమె తెల్లారి లేవలేదట. రామమ్మ ఆ కథ ఎప్పుడు చెప్పినా, ఆ రెండో ఆమె కాళ్ళు తన కాళ్ళకు చల్లగా తగిలాయనే దగ్గర ఆపేస్తుంది. అది విన్నాక మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తర్వాత రామమ్మే ఉపాయం చెప్పింది. పెద్దకోడలి కార్డు ఊరికే పడి ఉంది, చిన్నకోడలు కడుపుతో ఉంది, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళే కదా అని. కార్డు మీద హాసిని ఫోటో జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ ఎవరి ముఖమైనా కావచ్చన్నంత ఉదారంగా తయారైంది. మూతికి మాస్కు ఉంటే ఇక అడిగేవాడెవడు.

అలా భవ్యశ్రీ మూడో నెల నుంచి నెలకో పూట హాసిని అయింది. బావగారికి షిఫ్టు పడిన రోజు మహిధర్ తోడొచ్చాడు. వదినను తీసుకొచ్చిన మరిదిని అని చెప్పుకున్నాడు కాబట్టి, సొంత పెళ్ళాన్ని పూటంతా వదినా వదినా అని పిలవాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు అదే నోటికొచ్చింది. అప్పుడు అందరూ నవ్వారు. భవ్యశ్రీ కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఈ విషయం మీద నవ్వడం అదే ఆఖరు.

ఆరో నెలలో ఒకనాడు, ఎప్పుడూ జనార్దన్ చేతిలోనే ఉండే ఫైలును కౌంటరులో ఆమె చేతికే ఇచ్చి కూర్చోమన్నారు. ఊరికే ఉండలేక తెరిచింది. మొదటి పేజీలో పేరు, వయసు, తొలి కాన్పు అని ఉన్నాయి. కింద రక్తం గ్రూపు: ఓ పాజిటివ్. పక్కన తేదీ చూస్తే అయిదేళ్ళ కిందటిది. అప్పటికి తను పూడూరులో, తల్లిగారింట్లో, ఇంటర్ పరీక్షలకు చదువుకుంటోంది. ఆ రక్తం హాసినిది. ఉందిగదా అని మళ్ళీ ఎవరూ పరీక్ష చేయలేదు.

తన గ్రూపు ఏదో భవ్యశ్రీకి తెలుసు. వికారాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీలో రక్తదానం శిబిరం పెట్టారు. బి నెగెటివ్ అని చీటీ ఇచ్చి, ఇది తక్కువ మందికి ఉంటుంది బిడ్డా, చీటీ జాగ్రత్త అన్నాడు అక్కడి పెద్దాయన. తక్కువ మందికి ఉండేదేదో తనకుందని ఆమె వారం రోజులు స్నేహితురాళ్ళ ముందు గొప్పలు పోయింది. ఇప్పుడు ఆ మాటే గుర్తొచ్చి ఫైలు మూసేసింది. మహిధర్ లైసెన్సు మీద ఓ పాజిటివ్ అని ఉంది. ఆ సాయంత్రం ఫోనులో చదివింది. ఫోనులో చదివే మనిషికి ఏ జబ్బూ చిన్నదిగా ఉండదు, కానీ ఇది పది చోట్ల చదివినా ఒకేలా ఉంది. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే కడుపులో బిడ్డ పాజిటివ్ కావచ్చు. బిడ్డ రక్తం చుక్క తల్లి రక్తంలో కలిసిందా, తల్లి ఒళ్ళు ఆ బిడ్డనే పగవాడిగా చూడడం మొదలుపెడుతుంది. తొలిచూలు చాలాసార్లు గట్టెక్కుతుంది, తర్వాతి పిల్లలకు గండం. ఏడో నెలలో ఒక సూది, కాన్పయ్యాక ఇంకో సూది వేస్తే ఏ బాధా ఉండదు.

ఆ సూది బి నెగెటివ్ భవ్యశ్రీకి వేస్తారు. ఓ పాజిటివ్ హాసినికి ఎందుకు వేస్తారు?

మహిధర్‌తో చెప్పింది. అతను చాలాసేపు తల గోక్కున్నాడు. "అన్న నౌకరి పోతదే భవ్యా. దొంగ కార్డని కేసు గూడ పెడ్తరంట" అన్నాడు. తర్వాత, రక్తంలో ఇన్ని రకాలు అసలు ఎందుకుండాలి అని, దానికి ఎవరో బాధ్యులున్నట్టు విసుక్కున్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయమే ఉంది. అది విన్నాక ఆమె భయం రెండింతలైంది. ధైర్యం చెబుతాడనుకున్న మనిషి తనకంటే ముందే బెదిరిపోయాడు.

మందుల షాపులో ఆ సూది అడిగితే డాక్టరు చీటీ తెమ్మన్నాడు. చీటీ రాసే డాక్టరేమో ఫైలు చూస్తుంది. చివరికి ఒకసారి గుండె దిటవు చేసుకుని, నా రక్తం మళ్ళీ ఒకసారి చూస్తారా మేడం అని అడగనే అడిగింది. డాక్టరమ్మ ఫైలు తిప్పి, "ఉందిగా ఇక్కడ. గ్రూపు జన్మలో మారదమ్మా" అంది. నిజమే, గ్రూపు మారలేదు. మనిషే మారింది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు దగ్గర జనార్దన్ దగ్గాడు. ఈసారి ఆ దగ్గుకు అర్థం వేరు.

ఇంటికొచ్చాక ఆ ఫైలు హాసిని తీసుకునేది. తీసుకుని తన బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసేది. కాన్పు తేదీ ఏమని చెప్పారని అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. ఫ్యాక్టరీలో జనార్దన్ చేత మిఠాయిలు పంచిపెట్టించారు. ఫ్యాక్టరీ వాళ్ళెవరి కంటనైనా ఖాళీ కడుపుతో పడుతుందేమోనని రామమ్మ హాసినిని బజారుకు పంపడమే మానేసింది. బతుకమ్మ ఆటను కూడా హాసిని కిటికీలోంచే చూసింది. ఒక మధ్యాహ్నం భవ్యశ్రీ నీళ్ళ చెంబు కోసం పోతే, హాసిని మంచం మీద ఫైలు తెరిచి మొదటి పేజీని వేలితో మెల్లగా నిమురుతూ కనబడింది. అలికిడికి టక్కున మూసేసింది.

అప్పటి నుంచి భవ్యశ్రీకి ఇంకో భయం పట్టుకుంది. బిడ్డ పుడుతుంది. పుట్టిన కాగితం మీద తల్లి హాసిని, తండ్రి జనార్దన్ అని పడుతుంది. ఎనిమిదేళ్ళుగా ఎదురు చూస్తున్న మనిషికి సర్కారు ముద్రతో సహా ఒక బిడ్డ దొరుకుతుంది. అత్తతో అంటే, "కాయిదం మీద ఎవరుంటేంది, పాలిచ్చేది నువ్వే గద" అని కొట్టిపారేసింది. పూడూరు నుంచి తల్లి సత్యమ్మ రోజూ ఫోను చేసేది. తొలి కాన్పు తల్లిగారింటిది, ఏడో నెల వచ్చింది, బిడ్డను పంపుతారా పంపరా అని. డాక్టరు ప్రయాణం వద్దందని రామమ్మ చెప్పించేది. కార్డు తాండూరు దాటితే పనిచేయదని తల్లికి చెప్పలేక, భవ్యశ్రీ అన్నింటికీ ఊఁ కొట్టేది.

ఏడో నెల నడుస్తుండగా ఒక ఉదయం స్నానానికి పోయి చూసుకుంటే లంగా మీద ఎర్రగా మరక. కుంకుమ బొట్టంత. అంతకంటే పెద్దది కాదు. అయినా ఆమె బట్టలు ఉతికే బండ మీద అలాగే కూర్చుండిపోయింది. రక్తం చుక్క కలిస్తే, అని చదివిన మాట చెవుల్లో మోగుతోంది. లోపల ఏ చుక్క ఎందులో కలిసిందో ఎవరికి తెలుసు? కడుపు మీద చెయ్యి పెట్టింది. రోజూ ఆ వేళకు కదిలే బిడ్డ కదల్లేదు.

బకెట్టు పట్టుకుని వచ్చిన హాసిని, ముందు ఆమె ముఖం చూసింది, తర్వాత లంగా చూసింది. బకెట్టు కింద పెట్టింది.

"ఎప్పటి సంది?"

"ఇప్పుడే చూసిన అక్కా."

"మహికి చెప్పినవా?"

భవ్యశ్రీ తల అడ్డంగా ఊపింది.

"గ్రూపు సంగతి నాకు తెలుసు. మీరిద్దరు మాట్లాడుకుంటుంటే గోడ అవతల నుంచి విన్న" అంది హాసిని. "ఈ ఇంట్ల అందరు గోడలతోటే గదా మాట్లాడేది."

తెలిసి కూడా ఇన్నాళ్ళూ మాట్లాడలేదా అనిపించి, భవ్యశ్రీకి లోపల ఆపుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. ఏడుస్తూనే అనేసింది. "నీకు ఫైలు కావాలె అక్కా, నాకు తెలుసు. బిడ్డ నీ పేరు మీద వస్తదని దాచుకుంటున్నవ్."

హాసిని ఆమెను కాసేపు చూసింది. కొడుతుందేమో అనిపించేలా చూసింది. తర్వాత చెంగుతో చేతులు తుడుచుకుని పక్కనే బండ మీద కూర్చుంది.

"నీ బిడ్డను నేనేం చేసుకుంట పిల్లా? ఆ ఫైలుల తొలి కాన్పు అని రాసిన్రు, చూసినవా? నా పేరు మీద. రేపు దేవుని దయతోని నాకే అయితదనుకో. అప్పుడు రెండోది అని రాస్తరు. ఎనిమిదేండ్ల సంది దాచుకున్న నా తొలిచూలు నువ్వు వాడుకున్నవ్. నేను తీసి తీసి చూసుకునేది దాన్నే." ఆగి, కొంచెం గొంతు తగ్గించింది. "చెప్తే ఏడుపుగొట్టుది అంటరని చెప్పలే."

నెలల తరబడి ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరి నుంచి ఒకరు ఒకే వస్తువును దాచుకున్నారు, ఇద్దరూ భయంతోనే.

"లే" అంది హాసిని. "ముసలామె చెప్పే దవాఖాన ముప్పై ఏండ్ల కిందిది. ఇప్పటిది ఎట్లుందో పోయి చూద్దాం. వికారాబాద్ పోదాం. ఆధార్ తీసుకో. నీది."

రామమ్మ గడపలో కూర్చుని చాటలో కందిపప్పు చెరుగుతోంది. దవాఖానకు పోతున్నామని హాసిని చెప్పింది. ఇద్దరు ఎందుకు, ఇద్దరూ ఒకచోట కనబడితే కొంప మునగదా అని రామమ్మ చాట ఆపింది. "ఇయ్యాల ఇద్దరు కావాలె అత్తమ్మా" అంది హాసిని. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అందుకే కాబోలు, రామమ్మకు అనుమానం వచ్చేసరికి వాళ్ళు సందు దాటేశారు.

ప్యాసింజరు బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. రుక్మాపూర్ పోయింది, ధారూరు పోయింది. భవ్యశ్రీ బయటికి చూడలేదు. కడుపు మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. నీళ్ళు తాగితే కదులుతాడంటారని హాసిని సీసా ఇచ్చింది. తాగింది. ఎడమ పక్కకు ఒరగమంది. ఒరిగింది. పల్లీలు కొనిచ్చింది, అవి చేతిలోనే మెత్తబడ్డాయి. ఎదురుగా కూర్చున్న ముసలావిడ ఎన్నో నెల బిడ్డా అని అడిగింది, ఊరు పేరు అడిగింది, మగపిల్లాడేనని చెప్పి దిగిపోయింది. మగో ఆడో భవ్యశ్రీకి అక్కర్లేదు. ఒక్కసారి కాలు విదిల్చితే చాలు. అనంతగిరి గుట్టలు కనబడేటప్పుడు లోపల ఏదో సన్నగా జరిగినట్టనిపించింది. బిడ్డో, బండి కుదుపో తేల్చుకోలేకపోయింది. హాసిని అడిగితే, కదిలినట్టుందని చెప్పింది. చెప్పాక, అది అబద్ధమైతే ఏమవుతుందోనని మళ్ళీ కడుపు మీద చెయ్యి అదిమింది.

వికారాబాద్ సర్కారు దవాఖానలో గర్భిణుల వరస పొడుగ్గా ఉంది. మంచానికి ఒక్కరే ఉన్నారా అని భవ్యశ్రీ కిటికీలోంచి వార్డులోకి తొంగి చూసింది. ఒక్కరే ఉన్నారు. అయినా రామమ్మ చెప్పిన చల్లటి కాళ్ళు మనసులోంచి పోలేదు. వరస ముందు బల్ల దగ్గర జహీరాబీ అనే నర్సు కూర్చుంది. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలకు గొలుసు, ఎదుటివాళ్ళు సగం చెప్పేలోపే మిగతా సగం రాసేసే చెయ్యి.

"పేరు?"

"హాసిని" అంది భవ్యశ్రీ.

అనుకుని అనలేదు. నాలుగు నెలలుగా మాస్కు లోపల అరగదీసుకున్న మాట, అడగ్గానే దానంతట అదే బయటికొచ్చింది. జహీరాబీ పెన్ను కదిలింది. మొదటి అక్షరం పడింది కూడా. భవ్యశ్రీ ఆ అక్షరం కేసే చూస్తోంది. ఇక్కడా ఇదే పేరు పడితే ఇక ఎక్కడికి పోవాలి?

"హాసినిని నేను సిస్టర్" అంది వెనక నుంచి హాసిని. "ఆమె భవ్యశ్రీ."

జహీరాబీ పెన్ను ఆపి, ఈమె కడుపు చూసింది, ఆమె కడుపు చూసింది. "మరి మోస్తున్నది ఎవరమ్మా?"

వరసలో వెనకున్న వాళ్ళు వినకుండా, ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పారు. ఫ్యాక్టరీ కార్డు, బావగారు, పాత గ్రూపు, పొద్దుటి మరక. పోలీసులను పిలుస్తుందని భవ్యశ్రీ, అరుస్తుందని హాసిని ఎదురు చూశారు. జహీరాబీ రాసిన అక్షరం కొట్టేసి, పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఇంత కష్టపడి దొంగతనం చేసిన్రు గదా, ఏం దొంగిలించిన్రు చెప్పున్రి. ఈడ ఏ కార్డు లేకున్నా చేస్తం. ఉత్తగనే చేస్తం. కడుపుతోని ఉంటే సాలు, దాని కోసం పేరు మార్చుకునుడేంది?" ఆధార్ చేతిలోకి తీసుకుంది. "ఏడు నెలల కడుపు. కాయిదం మీద ఇయ్యాల్నే మొదలు. పాత రిపోర్టు ఒక్కటి లేదు. మిమ్మల్ని తిట్టనీకె తర్వాత టైముంది. ముందు రక్తం."

తీసుకుపోయే ముందు ఆమె విడమరిచి చెప్పింది. గ్రూపు పది నిమిషాల్లో తెలుస్తుంది. నెగెటివే అయితే ఇంకో పరీక్ష ఉంటుంది, దానికి మధ్యాహ్నం అవుతుంది. తల్లి ఒళ్ళు బిడ్డ మీద ఇంకా పగ పెంచుకోలేదని తేలితే ఇవాళే సూది వేస్తారు. ఈసరికే పెంచుకుని ఉంటే ఆ సూది పనికిరాదు, బండిలో హైదరాబాదు పంపాలి. అంతా చెప్పింది కానీ, ఫికర్ చెయ్యకు అని మాత్రం అనలేదు. అందరూ అనే ఆ మాట ఈమె ఎందుకు అనలేదా అనుకుంటూ భవ్యశ్రీ ఆమె వెనక నడిచింది.

లోపల డాక్టరు కడుపు మీద చల్లటి జెల్లు రాసి మిషను ఆనించింది. బరబరమని ఉత్త గాలి శబ్దం. ఇంకోచోట ఆనించింది. గాలే. భవ్యశ్రీ హాసిని చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. మూడోచోట దొరికింది. టకటకటకమని, దూరంగా గుర్రపు బండి పోతున్నట్టు. డాక్టరు తల ఊపి, స్కానులో మాయ సరిగానే ఉందని, ఆ మరక ఆగిపోయిందని, ఈ రోజు ఇక్కడే కూర్చోమని చెప్పింది. బిడ్డ బతికే ఉందని ఎవరూ విడిగా చెప్పలేదు. అది అడగాల్సిన సంగతని ఇక్కడ ఎవరికీ తోచినట్టు లేదు.

గ్రూపు వచ్చింది. బి నెగెటివ్. కాలేజీలో గొప్పలు పోయిన ఆ రెండు ముక్కలను ఇప్పుడు చీటీ మీద చూసి, చీటీ మడిచి హాసిని చేతికిచ్చింది. ఇక రెండో పరీక్ష.

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పన్నెండయింది, ఒంటి గంటయింది. పక్కన ఎవరి బిడ్డో గుక్క పట్టి ఏడుస్తోంది. భవ్యశ్రీ మనసు ఒకచోట నిలవడం లేదు. తన ఒళ్ళు తనకు తెలియకుండా లోపలున్న బిడ్డ మీద కత్తి నూరుతోందా? తను అన్నం తిన్నది, పండు తిన్నది, బలం మాత్రలు మింగింది. ఆ బలమంతా ఎటు పోయింది? ఒంటి మీద ఇంత కోపం ఆమెకు ఎప్పుడూ రాలేదు. తన చేతిని తనే పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది.

హాసిని ఫోను మోగింది. జనార్దన్. రామమ్మ కబురు చేసినట్టుంది. గొంతు బయటికే వినబడుతోంది. ఎక్కడున్నారు, ఎవరితో చెప్పారు, రేపు ఫ్యాక్టరీలో తెలిస్తే తన గతేమిటి అని. హాసిని అంతా విన్నది.

"సోమవారం నేనే ఆ దవాఖానకు పోయి డాక్టరమ్మకు చెప్త" అంది. "నా పేరు, నా నోరు. నౌకరి ఉంటదో పోతదో అప్పుడు చూద్దాం. ఆ పేజీ మాత్రం కొట్టేపిస్త."

ఫోను పెట్టేశాడేమో అనుకున్నారు. తర్వాత జనార్దన్ గొంతు, ఈసారి మెల్లగా, "ఆమె ఏమన్న తిన్నదా అడుగు" అంది. ఆమె పక్కనే ఉందని, వింటోందని ఆయనకు తెలుసు. హాసిని అడగలేదు, భవ్యశ్రీ చెప్పలేదు. పల్లీల పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

సోమవారం ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. కేసు అవుతుందో, నౌకరి పోతుందో, రామమ్మ ఇంట్లోకి రానిస్తుందో. పూడూరుకు ఇక్కడి నుంచే బస్సుందని, తల్లిగారింటికి పోతే కాన్పు ఈ దవాఖానలోనే చేయించుకోవచ్చని హాసిని అంది. భవ్యశ్రీ ఊఁ అనలేదు. కాన్పు దాకా ఆలోచించే ధైర్యం ఇంకా రాలేదు. ల్యాబు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె తల అటు తిప్పుతోంది.

రెండు గంటలకు జహీరాబీ వరండా చివరికి వచ్చి నిలబడింది.

"భవ్యశ్రీ."

బెంచీల మీద అరడజను మంది ఆడవాళ్ళు తలెత్తి చూశారు. భవ్యశ్రీ కూడా తలెత్తి చూసింది, ఎవరు లేస్తారా అని.

"భవ్యశ్రీ ఎవరమ్మా, తాండూరు నుంచొచ్చిన భవ్యశ్రీ."

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నాలుగు నెలల అలవాటు, ఆ పేరు వినబడితే చెవులు మూసుకోవాలని నేర్పింది. ఎవరో పాపం, చెడ్డ కబురేమో అని కూడా అనుకుంది. అప్పుడు హాసిని మోచేత్తో డొక్కలో పొడిచింది. గట్టిగానే పొడిచింది. లోపలి బిడ్డకూ తగిలిందో ఏమో, విసుగ్గా, పొద్దున్నుంచి లేనంత గట్టిగా ఒక తన్ను తన్నింది.

భవ్యశ్రీ లేచి నిలబడింది. జహీరాబీ ముఖం చూడడానికి భయమేసి చేతులు చూసింది. ఒక చేతిలో చీటీ ఉంది. ఇంకో చేతిలో చిన్న స్టీలు పళ్ళెం, అందులో దూది, సూది.

"ఇంత సేపు ఎవరిని పిలుస్తున్ననుకున్నవ్?" అంది జహీరాబీ.

"నన్నే" అంది భవ్యశ్రీ. రవిక చెయ్యి పైకి మడిచింది.